కోడి పన్ను, కేఫ్ చట్టం, మా నాన్న కుడికాలు

మా నాన్న డాలస్ వచ్చిన మూడో రోజు పొద్దున్నే కాఫీ కప్పుతో గరాజ్‌లోకి వెళ్ళి నా పికప్ ట్రక్కు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. టైర్లు కాలితో తన్ని చూశాడు. వెనక తొట్టిలోకి తొంగి చూశాడు. ఆ తర్వాత, బండి కనపడగానే మనవాళ్ళెవరైనా అడిగే మొట్టమొదటి ప్రశ్న అడిగాడు.

"ఎంతిస్తంది రా?"

"పందొమ్మిది" అన్నాను.

"లీటరుకా?" కాఫీ తాగడం ఆపేశాడు.

"కాదు నాన్నా. గాలన్‌కి. పందొమ్మిది మైళ్ళు."

గాలన్ అంటే మూడు లీటర్ల ముప్పావు, మైలంటే కిలోమీటరు అరవై అని చెప్పాను. నేను ఫోన్ తీసేలోపే నోటిలెక్క అయిపోయింది. "అంటే ఎనిమిది. మా ఎక్స్‌ప్రెస్ బస్సు యాభై మందిని ఎక్కించుకుని ఐదు ఇచ్చేది. ఇది నిన్నొక్కణ్ణి ఎక్కించుకుని ఎనిమిదా?"

"మైలేజీ వస్తుందనే నాలుగు సిలిండర్లది కొన్నాను" అని నసిగాను.

"మరి ఆరు సిలిండర్లది ఎంతిస్తదంట?"

ఆ ప్రశ్న నేను కొనేముందు వేసుకోవలసింది. వేసుకోలేదు. చిన్న ఇంజన్ అయితే తక్కువ తాగుతుంది, అంతేగా అనుకున్నాను. ఫోన్లో చూసి చెప్పాను. "దాదాపు అంతే."

"మరెందుకు కొన్నావు?"

నాన్న ముప్ఫై మూడేళ్ళు ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి నరసరావుపేటలో రిటైరయ్యాడు. ఆర్టీసీ ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకి కె.ఎం.పి.ఎల్. అనే మాట చెప్పక్కర్లేదు. లీటరు డీజిలుకి ఎన్ని కిలోమీటర్లు అన్న లెక్క. డిపోలో ఏ డ్రైవరు ఎంత తెచ్చాడో రాసి ఉండేది. తక్కువ తెచ్చిన డ్రైవరు "బండి బాగాలేదు" అనేవాడు. మెకానిక్కు "కాలు బాగాలేదు" అనేవాడు. మా ఇంట్లో భోజనాల దగ్గర నేను చిన్నప్పుడు విన్న పెద్ద తగాదా అదే. అలాంటి మనిషికి నేను సమాధానం బాకీ పడ్డాను. నాన్న ఇక్కడున్న నాలుగు నెలలూ రాత్రిళ్ళు కూర్చుని చదివింది అందుకే. ఈ పోస్టు ఆ బాకీ తీర్చడమే.

ఇంకో కారణం కూడా ఉంది, దాచడం దేనికి. ఆ వేసవిలో మా ఆఫీసులో మొదటి విడత జనాన్ని తీసేశారు. మిగిలినవాళ్ళని వారానికి మూడు రోజులు ఆఫీసుకి రమ్మన్నారు. ఇంటి నుంచి ముప్ఫై ఎనిమిది మైళ్ళు. వారానికి 228 మైళ్ళు, పన్నెండు గాలన్లు. రేపు జీతం వస్తుందో రాదో తెలియని రోజుల్లో పెట్రోలు బంకు దగ్గర తిరిగే ఆ అంకెలని చూస్తూ నిలబడడం ఎలా ఉంటుందో కొంతమందికైనా తెలుసు.

సరే, కథలోకి వద్దాం. అది కోడితో మొదలవుతుంది. వేళాకోళం కాదు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో కోళ్ళ ఫారాలు పెద్ద పరిశ్రమ అయ్యాయి. కోడి మాంసం చవకైపోయింది. ఆ చవక కోడి ఓడలెక్కి పడమటి జర్మనీ దాకా వెళ్ళేసరికి అక్కడి రైతులు గోల పెట్టారు. 1962లో యూరప్ ఉమ్మడి మార్కెట్టు అమెరికా కోడి మీద సుంకం పెంచింది. బేరాలు కుదరలేదు. 1963 డిసెంబరులో, కెనెడీ పోయి రెండు వారాలు కూడా కాకుండానే, ప్రెసిడెంట్ జాన్సన్ ఎదురు సుంకాల మీద సంతకం పెట్టాడు. బంగాళాదుంప పిండి, డెక్స్‌ట్రిన్, బ్రాందీ, చిన్న ట్రక్కులు. ట్రక్కుల మీద 25 శాతం. అసలు గురి జర్మనీ నుంచి వచ్చే ఫోక్స్‌వాగన్ వ్యాన్లు. కోడి గొడవ ఎప్పుడో సద్దుమణిగింది. ట్రక్కుల మీద 25 శాతం మాత్రం అలాగే ఉండిపోయింది. కార్ల మీద సుంకం దశాబ్దాల పాటు రెండున్నర శాతమే. ఈ ట్రక్కు సుంకాన్ని ఇక్కడ అందరూ "కోడి పన్ను" అనే పిలుస్తారు.

జర్మనీ మీద వేసిన దెబ్బ చివరికి జపాన్‌కి తగిలింది. డాట్సన్ చిన్న పికప్పులు 1959 నుంచే అమెరికాలో అమ్ముతున్నారు. టొయోటా హైలక్స్ 1969లో వచ్చింది. చిన్న బండి, నాలుగు సిలిండర్ల ఇంజన్. తోటపని చేసుకునేవాళ్ళకీ, చిల్లర సామాన్లు మోసుకునేవాళ్ళకీ సరిగ్గా సరిపోయేది. 25 శాతం సుంకం కడితే ఆ బండి చవక బండి కాదు. అందుకని ఒక దారి కనిపెట్టారు. వెనక తొట్టి లేకుండా, ముందు క్యాబిన్, కింద ఛాసిస్ మాత్రమే ఓడలో తెచ్చేవారు. అది ట్రక్కు లెక్కలోకి రాదు, సుంకం నాలుగు శాతం. రేవులో దిగాక ఇక్కడే తొట్టి బిగిస్తే ట్రక్కు. టొయోటా ఈ తొట్ల కోసమే కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో ఫ్యాక్టరీ నడిపింది. 1980లో ప్రభుత్వం ఈ సందు మూసేసింది.

డెట్రాయిట్ వాళ్ళూ ఈ సందులోంచే నడిచారు. 1972 మోడల్‌గా ఫోర్డ్ తెచ్చిన కూరియర్ నిజానికి మాజ్డా. షెవర్లే తెచ్చిన లవ్ నిజానికి ఇసుజు. రెండింటిలోనూ 1.8 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్లే, అటూ ఇటూగా 75 హార్స్‌పవర్. ఇసుజు పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ మన ఊరి దగ్గర తగులుతుంది.

ఈ కాలంలో కొనేవాడు ఇంజన్ ఎంచుకున్నాడని అనుకుంటాం. అతని ముందున్నది ఒకటే ఇంజన్. చిన్న ట్రక్కు అంటే నాలుగు సిలిండర్లు, అంతే.

1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఆపేశాయి. కొద్ది నెలల్లో పీపా ధర మూడు డాలర్ల దగ్గర్నుంచి పన్నెండుకి చేరింది. బంకుల దగ్గర క్యూలు. 1974 జనవరి మొదట్లో దేశమంతటా గంటకి 55 మైళ్ళ వేగ పరిమితి చట్టం వచ్చింది. ఈ గొడవలో అందరికంటే దురదృష్టవంతురాలు మాజ్డా. సరిగ్గా 1974 మోడల్‌గా రోటరీ ఇంజన్ పికప్పు తెచ్చింది. నున్నగా, హుషారుగా తిరిగే ఇంజనే గాని తాగుబోతు. 1977 మోడల్‌తో ఆ కథ ముగిసింది. ఇంజన్ మంచిదా చెడ్డదా అన్నది ఎవరూ అడగలేదు. అది పుట్టిన ఏడాది చెడ్డది.

1975 డిసెంబరులో ప్రెసిడెంట్ ఫోర్డ్ సంతకంతో కొత్త చట్టం వచ్చింది. కంపెనీ ఏడాదిలో అమ్మిన బళ్ళన్నిటి సగటు మైలేజీ ఇంత ఉండాలి, లేకపోతే జరిమానా. దాని పేరు పొడి అక్షరాల్లో "కేఫ్". టీ తాగే కేఫ్ కాదు. కార్లకి 1978 నుంచి మొదలుపెట్టి 1985కి 27.5 మైళ్ళు అన్నారు. ట్రక్కులకి మాత్రం వేరే లెక్క, ఎప్పటికప్పుడు విడిగా నిర్ణయిస్తామన్నారు. ట్రక్కంటే రైతుదీ, మేస్త్రీదీ కదా, పని బండి కదా అని. ఆ ఒక్క విడదీతలోంచి తర్వాత ముప్ఫై ఏళ్ళ అమెరికా రోడ్లు పుట్టాయి. ట్రక్కుల లెక్కలో పడితే వెసులుబాటు ఎక్కువ కాబట్టి, ఎస్‌యూవీలూ మినీవ్యానులూ ఆ లెక్కలోనే పెరిగాయి. 1996 నుంచి 2004 దాకా ట్రక్కుల అంకె 20.7 దగ్గర కదలకుండా ఉండిపోయింది. అందులో చాలా ఏళ్ళు దాన్ని పెంచకుండా కాంగ్రెసే బడ్జెట్ బిల్లుల్లో అడ్డు పెట్టింది.

1979లో ఇరాన్ విప్లవంతో రెండోసారి ధర లేచింది. అప్పుడు డీజిలు మోజు. ఫోక్స్‌వాగన్ పెన్సిల్వేనియాలో తయారు చేసిన చిన్న రాబిట్ పికప్పుకి డీజిలు. టొయోటాకి డీజిలు. 1983 మోడల్‌గా వచ్చిన ఫోర్డ్ రేంజర్‌కీ, షెవర్లే ఎస్-10కీ డీజిలు. ఈ రేంజర్, ఎస్-10 రెండూ డెట్రాయిట్ సొంతంగా తయారుచేసిన చిన్న ట్రక్కులు. సందు మూసేశాక, కోడి పన్ను గోడ చాటున నిలబడి, జపాన్‌తో పోటీకి దిగిన బళ్ళు.

1986లో చమురు ధర సగానికి పడిపోయింది. చిన్న ట్రక్కుల డీజిళ్ళు ఒక్కొక్కటే మాయమయ్యాయి. వాటి బదులు వీ6 ఇంజన్లు వచ్చి కూర్చున్నాయి. ఎస్-10 అప్పటికే 1982 నుంచి 2.8 లీటర్ల వీ6 ఇస్తోంది. 1987లో డాడ్జ్ డకోటా వచ్చింది. చిన్న ట్రక్కుకీ పెద్ద ట్రక్కుకీ నడుమ "మిడ్‌సైజ్" అనే పీట వేసింది అదే. మొదట నాలుగు సిలిండర్లు, లేదా 3.9 లీటర్ల వీ6. 1991కల్లా మామూలు డకోటాలో వీ8 కూడా పెట్టేశారు. టొయోటా కూడా 1980ల చివర్లో మూడు లీటర్ల వీ6తో ఆ వరసలో చేరింది. తర్వాత టకోమాలో 3.4, 2005లో 4.0. ఇంజన్‌తో పాటు బండీ పెరిగింది. రెండు సీట్ల బండి నాలుగు తలుపుల బండయింది. తొట్టి చిన్నదయింది, ఏసీ పెద్దదయింది. మేస్త్రీ దిగిపోయి, నాలాంటివాడు ఎక్కాడు.

తర్వాత ఒక వింత జరిగింది. 2011 ప్రాంతంలో ఈ చిన్న ట్రక్కులు ఒక్కసారిగా పోయాయి. డకోటా 2011లో ఆగింది. అదే ఏడాది డిసెంబరులో మిన్నెసోటాలోని సెయింట్ పాల్‌లో రేంజర్ ఫ్యాక్టరీ మూతపడింది. షెవర్లే కొలరాడో 2012తో సెలవు తీసుకుంది.

కారణం ఒకటి కాదు. కేఫ్ లెక్క మారింది. కొత్త పద్ధతిలో నాలుగు చక్రాల మధ్య ఉన్న నేల వైశాల్యాన్ని కొలుస్తారు. అది ఎంత పెద్దదైతే మైలేజీ లక్ష్యం అంత తక్కువ. ఎంత చిన్నదైతే అంత ఎక్కువ. ఉద్దేశం మంచిదే, కంపెనీలు ఊరికే చిన్న బళ్ళు చేసి సగటు సరిచేసుకోకుండా ప్రతి సైజులోనూ ఇంజన్ బాగుచేయాలని. ట్రక్కుల విషయంలో మాత్రం చిన్నదానికి బరువైన పరీక్ష, పెద్దదానికి తేలిక పరీక్ష అయి కూర్చుంది. రెండో కారణం బజారు. చిన్న ట్రక్కుల్లో ఇంజన్లు ముసలివయ్యాయి. 2011లో ఫోర్డ్ పెద్ద ట్రక్కు ఎఫ్-150కి కొత్త 3.7 లీటర్ల వీ6 వచ్చింది. టూ వీల్ డ్రైవ్ అయితే హైవే మీద 23 అని అద్దానికి అంటించి ఉండేది. అదే ఏడాది చిన్న తమ్ముడు రేంజర్‌లోని నాలుగు లీటర్ల పాత వీ6 ఆ అంకెని అందుకోలేదు. పెద్ద ఇల్లూ చిన్న ఇల్లూ ఒకే అద్దె అయితే చిన్న ఇంట్లో ఎవరుంటారు?

మిడ్‌సైజ్ మళ్ళీ 2015లో కొలరాడోతో లేచింది. రేంజర్ 2019లో తిరిగొచ్చింది. కాని పేర్లే పాతవి. బళ్ళు పెద్దవి, ఇంజన్ల లెక్క పూర్తిగా వేరు.

నా తప్పు ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం ఆగి చెబుతాను. 2016 టకోమాలో రెండు ఇంజన్లు ఉండేవి. 2.7 లీటర్ల నాలుగు సిలిండర్లది, 159 హార్స్‌పవర్. 3.5 లీటర్ల వీ6, 278 హార్స్‌పవర్. టూ వీల్ డ్రైవ్, ఆటోమేటిక్ గేరు తీసుకుంటే ప్రభుత్వం వారి సగటు అంకె రెండింటికీ 21. హైవే మీద చిన్నదానికి 23 అయితే పెద్దదానికి 24. అంటే నూటపంతొమ్మిది గుర్రాలు ఊరికే వస్తున్నాయి. చిన్నది తీసుకున్నవాడికి కొనేటప్పుడు కాస్త ధర తగ్గింది, అంతే. పెట్రోల్లో మిగిలింది లేదు.

ఎందుకలా? నేను చదివింది ఎలక్ట్రానిక్సే గాని, నాకు అర్థమైనంతలో చెబుతాను. సమంగా ఉన్న హైవే మీద ఒకే వేగంతో పోయే ట్రక్కుకి కావలసింది ముప్ఫైకి అటూ ఇటూ హార్స్‌పవర్. మిగతావన్నీ ఎత్తు ఎక్కేటప్పుడూ, లోడు లాగేటప్పుడూ, లేన్‌లోకి దూరేటప్పుడూ. పెద్ద ఇంజన్‌కి ముప్ఫై చాలా తేలిక పని. ఆ తేలిక పనిలో దాని గాలి కవాటం దాదాపు మూసుకునే ఉంటుంది. నొక్కిపెట్టిన స్ట్రాతో కొబ్బరినీళ్ళు పీల్చినట్టు, గాలి పీల్చుకోవడానికే కొంత శక్తి వృథా చేస్తుంది. పెద్ద ఇంజన్ ఎక్కువ తాగడానికి పాత కారణం అది. ఆ కొత్త వీ6లో అట్కిన్సన్ పద్ధతి పెట్టారు. తేలిక పనిలో ఉన్నప్పుడు గాలి లోపలికొచ్చే వాల్వు ఆలస్యంగా మూసుకుంటుంది, పెద్ద ఇంజన్ చిన్న ఇంజన్‌లా నడుచుకుంటుంది. పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి చిమ్ముతుంది. నాలుగు సిలిండర్లది 2005 టకోమా నుంచీ ఉన్న పాత ఇంజన్. అంత బరువున్న బండిని కదిలించాలంటే అది అస్తమానం గొంతు చించుకోవాలి. చిన్న ఎద్దుని పెద్ద బండికి కట్టి, తక్కువ గడ్డి తింటుందిలే అనుకున్నాను. అది రోజంతా ఆయాసపడి అంతే తింది.

ఆ తర్వాత వచ్చిన మార్పు టర్బో. పొగగొట్టంలోంచి పోయే వేడి గాలితో ఒక చక్రం తిప్పి, ఆ చక్రంతో ఇంజన్‌లోకి ఎక్కువ గాలి కూరుతారు. అవసరమైనప్పుడు చిన్న ఇంజన్ పెద్దదవుతుంది. 2019 రేంజర్ 2.3 లీటర్ల టర్బోతో వచ్చింది, 270 హార్స్‌పవర్. 2023 కొలరాడోలో 2.7 లీటర్ల టర్బో నాలుగు సిలిండర్లు తప్ప వేరే ఇంజనే లేదు. మధ్యలో 2016 నుంచి 2022 దాకా కొలరాడోలో థాయ్‌లాండ్ నుంచి వచ్చిన 2.8 లీటర్ల డీజిలు ఉండేది. టూ వీల్ డ్రైవ్‌కి హైవే మీద 31 అని అంకె. మైలేజీ మనుషులు దాన్ని ఇప్పటికీ తలుచుకుంటారు. కాని ఆ ఇంజన్ కోసం ముందే వేల డాలర్లు ఎక్కువ పోయాలి, ఇక్కడ డీజిలు ధర పెట్రోలు మీద ఎక్కువ. లెక్క తేలేసరికి బండి ముసలిదవుతుంది. నిస్సాన్ ఫ్రాంటియర్ మాత్రం టర్బో లేని 3.8 లీటర్ల వీ6తో పాత పద్ధతిలో నిలబడి ఉంది.

ఒక పోలిక చూసినప్పుడు రాత్రి పన్నెండింటికి లేచి కూర్చున్నాను. 1980ల టొయోటా పికప్పులో ఉండే 22ఆర్ అనే ఇంజన్ చావు లేనిదని పేరు. 2.4 లీటర్లు, నాలుగు సిలిండర్లు, వంద హార్స్‌పవర్‌కి కాస్త తక్కువ. 2024 టకోమాలోదీ 2.4 లీటర్లే, నాలుగు సిలిండర్లే. 278 హార్స్‌పవర్. నలభై ఏళ్ళలో అదే పరిమాణంలోంచి దాదాపు మూడింతలు శక్తి పిండారు. మరి మైలేజీ? కొత్తదానికి టూ వీల్ డ్రైవ్‌లో సగటు 23. ఆ పాత బండిదీ ఇరవై దాటి ముప్ఫై అందని అంకే. బండి బరువు 2,500 పౌండ్ల దగ్గర్నుంచి 4,000 దాటింది. నలభై ఏళ్ళ ఇంజనీర్ల తెలివంతా వృథా కాలేదు, బరువు మోయడానికీ, వేగం పుంజుకోవడానికీ ఖర్చయింది. జీతం మూడింతలు పెరిగి, నెలాఖరుకి మిగిలేది అంతే ఉన్నట్టు. ఈ లెక్క మా ఆవిడకి చెప్తే ట్రక్కు గురించి అనుకోలేదు.

ఇదంతా అమెరికా పిచ్చి అని నవ్వుకోకండి. 2006 బడ్జెట్లో మన దేశంలో నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు, 1500 సీసీ లోపు డీజిలు ఉంటే చిన్న కారని ఎక్సైజు తగ్గించారు. ఆ గీత కోసం కంపెనీలు డిక్కీలు కత్తిరించాయి. 2012లో డిజైర్ వెనక భాగం ఎందుకు పొట్టిదయిందో కార్ల మీద ఆసక్తి ఉన్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఇక ఇందాక గుర్తుంచుకోమన్న ఇసుజు. 1972లో షెవర్లే పేరుతో అమెరికాకి చిన్న ట్రక్కు పంపిన ఆ ఇసుజు 2016లో మన శ్రీసిటీలో ఫ్యాక్టరీ తెరిచింది. తడ దగ్గర హైవే మీద పోయేవాళ్ళు ఆ డీ-మ్యాక్స్ పికప్పులు చూసే ఉంటారు. అక్కడ తయారయ్యేది డీజిలు. మన దగ్గర ఎన్నో ఏళ్ళు డీజిలు ధరని ప్రభుత్వం పట్టి ఉంచింది, 2014 అక్టోబరు దాకా. అలాంటి ట్రక్కే ఇక్కడ పెట్రోలు తాగుతుంది, అక్కడ డీజిలు తాగుతుంది. ఇంజనీరు ఒక్కటే చదువు చదివాడు, పన్నులు వేరు.

ఈ మాటే నాన్నకి చెప్పాను. "నేను ఇంజన్ ఎంచుకున్నాననుకున్నాను గాని, నాకంటే ముందే ఎంచేశారు నాన్నా. కోడి ఒకసారి, అరబ్బులు ఒకసారి, వాషింగ్టన్ వాళ్ళు ఒకసారి."

నాన్న ఓపిగ్గా విన్నాడు. విని, "సరే. తాళం ఇవ్వు. పక్కన కూర్చుంటా, నువ్వు నడుపు" అన్నాడు.

ఆఫీసు దాకా వెళ్ళి వచ్చాం. దారంతా రోడ్డు చూడలేదు, నా కుడికాలు చూశాడు. దిగాక ఒక్కటే మాట. "ఎర్రలైటు కనపడతానే ఉంది, అయినా యాక్సిలేటరు తొక్కుతున్నావు. తొక్కి, మళ్ళీ బ్రేకు తొక్కుతున్నావు. రెండిటికీ డబ్బులు కడుతున్నావు."

ఒక నోటుబుక్కు కొనిపించాడు. ట్యాంకు నిండా పట్టించడం, మీటరు రాసుకోవడం, మళ్ళీ నిండా పట్టించి భాగించడం. డ్యాష్‌బోర్డు చూపించే అంకె నమ్మొద్దన్నాడు. టైర్లలో గాలి తక్కువుందన్నాడు, ఉంది. హైవే మీద 78లో పోయేవాణ్ణి 67కి దించాడు. తొట్టిలో ఏడాదిగా పడున్న ఇసుక బస్తాలు, పాత బార్బెక్యూ పొయ్యి తీయించాడు. ఆరు ట్యాంకులయ్యేసరికి 19.1 కాస్తా 21.4 అయింది.

రెండు మైళ్ళేగా అనిపించొచ్చు. నాకూ అనిపించింది. ఇక్కడ ఈ ఎంపీజీ అనే కొలతే మనల్ని మోసం చేస్తుంది. ఏడాదికి పన్నెండు వేల మైళ్ళు తిరిగే బండి 40 నుంచి 50కి పెరిగితే మిగిలేది 60 గాలన్లు. అదే 15 నుంచి 20కి పెరిగితే మిగిలేది 200 గాలన్లు. పెద్ద అంకెల దగ్గర పది పెరిగినా పెద్దగా మిగలదు, చిన్న అంకెల దగ్గర రెండు పెరిగినా జేబుకి తెలుస్తుంది. నా లెక్కలో ఆ రెండు మైళ్ళు ఏడాదికి 67 గాలన్లు. ఎన్నో వేల డాలర్లు అప్పు చేసి కొత్త హైబ్రిడ్ టకోమా కొనుక్కున్నా దాని సగటు 23 దగ్గరే. వీ6 వాడి మీద అసూయ అక్కడితో పోయింది.

ట్రక్కు కొనాలనుకునేవాళ్ళకి నాకు చేతనైన సలహా ఇది. సిలిండర్లు లెక్కపెట్టకండి. ఆ ఇంజన్ ఏ ఏడాది పుట్టిందో, ఎంత బరువు లాగడానికి పెట్టారో చూడండి. టర్బో తేలిగ్గా పోయినప్పుడే పొదుపు, ట్రైలరు కడితే దాని తాగుడూ పెద్ద ఇంజన్ తాగుడే. వీటన్నిటికంటే ముందు వెనక తొట్టిలో ఏం వేస్తారో ఆలోచించండి. నాన్న నన్ను మళ్ళీ మళ్ళీ అడిగింది అదే. "లోడేది రా?" లోడు లేదు. ఏడాదికి నాలుగుసార్లు మట్టి బస్తాలు, రెండుసార్లు ఎవరిదో సోఫా. మిగతా రోజులన్నీ ఒక ల్యాప్‌టాప్ సంచి. ఇప్పుడు ఆఫీసు రోజుల్లో మా ఆవిడ పాత కారులో వెళ్తున్నాను. తను ఇంటి నుంచి పనిచేస్తుంది, కాబట్టి కుదిరింది.

నాన్న సెప్టెంబరులో వెళ్ళిపోయాడు. నోటుబుక్కు ట్రక్కులోనే ఉంది, మొదటి ఆరు ట్యాంకులూ ఆయన చేతిరాత.

అక్టోబరులో రెండో విడత వచ్చింది. నా పేరు లేదు. మా టీములో ఇద్దరి పేర్లున్నాయి. అందులో ఒకతను అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి, హ్యూస్టన్‌లో బావమరిది ఇంటికి మారాడు. పెద్ద వ్యాన్ అద్దెకి తీసుకుంటానంటే వద్దన్నాను. మంచాలు, పిల్లాడి సైకిలు, డబ్బాలు, తులసి కుండీ అన్నీ తొట్టిలో సర్ది తాళ్ళు కట్టాం. దారిలో ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు. హ్యూస్టన్‌లో దించాక ట్యాంకు నిండా పట్టించి, అలవాటు కొద్దీ లెక్క వేశాను. పదిహేడు.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేసి చెప్పాను, పదిహేడుకి పడిపోయిందని.

"లోడు ఉంది కదరా" అన్నాడు. "రాసుకో."